టిఫిన్ డబ్బాలో ఆటల పెట్టె

బతుకమ్మకు పుట్టింటికి బయలుదేరినా, ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని వెంటేసుకుని వేములవాడ, ధర్మపురి చుట్టి వచ్చినా, కారు ఊరి పొలిమేర దాటకముందే మొదలయ్యే పంచాయితీ ఒకటుంది. అమ్మ ఫోను ఎవరి చేతిలో ఉండాలి? పెద్దవాడికి అరగంట ఇస్తే చిన్నదానికి కన్నీళ్లు. చిన్నదానికి ఇస్తే పెద్దవాడు మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరుగుతాడు. పోనీ లొల్లి ఎందుకని ఇద్దరికీ చెరో ఫోను ఇచ్చేస్తే కారంతా నిశ్శబ్దమే. "కొండగట్టు వచ్చింది బిడ్డా, దండం పెట్టుకోండి" అంటే తల ఎత్తేవాళ్లు ఉండరు.

నిశ్శబ్దంగా ఉంటే మంచిదే కదా అంటారేమో. ఆ ఫోనులో ఏమేం ఉన్నాయో ఒక్కసారి లెక్క వేసుకోండి. బ్యాంకు ఖాతా ఉంది, డబ్బులు పంపే యాప్ ఉంది, గ్యాసు బుకింగు ఉంది, దుబాయి నుంచి ఇంటాయన చేసే ఫోనూ దాంట్లోకే రావాలి. పిల్లలు ఆడే ఆట మీద 'ఉచితం' అని రాసి ఉంటుంది గానీ, కాసేపటికోసారి ఏదో ఒక ప్రకటన ఊడిపడుతుంది. ఎక్కడ నొక్కితే ఏం కొన్నట్టో ఏడేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది చెప్పండి? పైగా చాలా ఆటలకు ముగింపే ఉండదు. పిల్లలు ఎంతసేపు చూస్తే వాళ్లకంత డబ్బు, ఆపే చోటు ఎందుకు పెడతారు?

అందుకని ఈ వారం మన పేజీలో వంటా లేదు, కుట్టూ లేదు (కుట్టు కొంచెం ఉంది లెండి, చివర్లో వస్తుంది). సిమ్ కార్డు లేని, నెట్ అక్కర్లేని, ప్రకటనలు రాని ఒక చిన్న వీడియో గేమ్ పెట్టెను ఇంట్లోనే ఎలా తయారుచేసుకోవచ్చో చెప్పుకుందాం. కార్లో ముందు సీటు వెనకాల వేలాడదీస్తే వెనక కూర్చున్న ఇద్దరు పిల్లలూ కలిసి ఆడుకోవచ్చు.

"గా వైర్లు, గా బోర్డులు మనకెందుకు వదినె, షాక్ కొడితే?" అని మా పక్కింటి ఆమె అన్నట్టే మీలో కొందరు అనుకుంటారని తెలుసు. మా మల్యాల వైపు ఆ మాట చెల్లదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ వాడకట్టు చూసినా ఒకరిద్దరు మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో సౌదీలోనో ఉంటారు. ఇంట్లో ఫ్యూజు పోతే వేసేది ఎవరు? మోటరు ఆడకపోతే స్టార్టరు డబ్బా తీసి చూసేది ఎవరు? మిక్సీ ఆగిపోతే కిందున్న ఎర్ర బటన్ నొక్కి మళ్లీ తిప్పేది ఎవరు? ఆడవాళ్లే కదా. ఇక బీడీలు చుట్టిన వేళ్లకు చిన్న చిన్న స్క్రూలు బిగించడం ఒక పనా! తూకం చూసి తంబాకు పోసి, ఆకు మడిచి, దారం కట్టే ఆ పనితనం ముందు ఇది పిల్లలాట.

షాకు సంగతి కూడా చెప్పేస్తాను. గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. మన పెట్టెలో నడిచేది 5 వోల్టులు, అంటే ఫోన్ ఛార్జరు ఇచ్చేంత. ముట్టుకుంటే కొట్టదు. ఇందులో భయపడాల్సిన వస్తువు ఒక్కటే, బ్యాటరీ. దాని దగ్గరికి వచ్చినప్పుడు నిదానంగా మాట్లాడుకుందాం.

ఇప్పుడు ముప్పై, నలభై దాటినవాళ్లకు చిన్నప్పటి టీవీ వీడియో గేమ్ గుర్తుండే ఉంటుంది. 1990ల్లో ఎవరింటికైనా గల్ఫ్ నుంచి మేనమామ వచ్చాడంటే సూట్‌కేసులోంచి టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, దుప్పట్లతో పాటు అదీ దిగేది. వీధిలో పిల్లలంతా ఆ ఇంటి టీవీ ముందే. దాని అసలు పుట్టిల్లు జపాన్. నింటెండో కంపెనీ 1983 జూలైలో 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే పేరుతో ఒక యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. మన ఇళ్లకు ఎక్కువగా చేరినవి దాని నకళ్లు. క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసి ఉండేది, తీరా చూస్తే పదో పాతికో ఆటలే వేషాలు మార్చుకుని వచ్చేవి. ఆట రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఉఫ్ అని ఊదేవాళ్లం, గుర్తుందా? ఊదడం వల్ల ఒరిగిందేమీ లేదట. తీసి మళ్లీ పెట్టడం వల్ల లోపలి పిన్నులు సరిగ్గా తగిలేవి, అంతే. నోటి తడికి ఆ పిన్నులు చిలుము పట్టి పాడయ్యేవి కూడా.

ఆ క్యాసెట్‌లో ఏముండేదో సిరిసిల్లలో జకార్డు మగ్గం చూసినవాళ్లకు చిటికెలో అర్థమవుతుంది. మగ్గం ఒకటే, పైన వేలాడే చిల్లుల అట్టలు మారిస్తే అంచు మీద డిజైను మారుతుంది. అట్టకు మగ్గం ఎలాగో క్యాసెట్‌కు ఆ యంత్రం అలాగ. ఇప్పుడు మనం చేయబోయేది ఏమిటంటే, ఒక కొత్త మగ్గానికి పాత మగ్గంలా నటించడం నేర్పడం. నటన సరిగ్గా కుదిరితే అట్టకు తేడా తెలియదు, పాత డిజైనే నేస్తుంది. అలా నటించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు.

కొత్త మగ్గానికి అది పెద్ద కష్టమేం కాదు. పాత యంత్రం లోపలి చిప్ సెకనుకు సుమారు 18 లక్షల టిక్కులు కొట్టేది. మనం వాడబోయే బోర్డు 140 కోట్లు కొడుతుంది, అలాంటివి నాలుగు ఉంటాయి అందులో. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. మీరు ఫోనులో తీసే ఒక్క ముగ్గు ఫోటో దానికి యాభై రెట్లో వంద రెట్లో ఉంటుంది!

ఈ బోర్డు పేరు రాస్ప్‌బెర్రీ పై. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో పిల్లలకు కంప్యూటరు పని తక్కువ ఖర్చులో నేర్పాలని తయారుచేశారు, 2012 ఫిబ్రవరి 29న బయటికొచ్చింది. పేకముక్కంత ఉంటుంది, కానీ నిజమైన కంప్యూటరే. దీంతో చేతిలో పట్టే ఆటల పెట్టెలు చేయడం ప్రపంచమంతటా చాలామందికి సరదా. వాళ్లలో ఒకామె గురించి చెప్పకుండా ఉండలేను. లిమోర్ ఫ్రీడ్ అని అమెరికా ఇంజనీరు. 2005లో ఎం.ఐ.టి.లో హాస్టల్ గదిలో మొదలుపెట్టిన చిన్న వ్యాపారం ఈరోజు న్యూయార్క్‌లో అడాఫ్రూట్ అనే సంస్థ అయింది. ఇళ్లల్లో కూర్చుని ఎలక్ట్రానిక్స్ వస్తువులు చేసుకునేవాళ్లకు కావలసిన విడిభాగాలు అమ్ముతుంది, చేసే విధానాన్ని బొమ్మలతో సహా ఉచితంగా చెబుతుంది. 2011లో వైర్డ్ అనే పత్రిక ఆమెను ముఖచిత్రంగా వేసింది. ఆ సంస్థ వాళ్లు రాస్ప్‌బెర్రీ పైతో చేసి చూపించిన చేతి ఆటపెట్టె పేరు 'పైగర్ల్'. పేరులోనే అమ్మాయి ఉంది చూడండి. ఇంకా వెనక్కి వెళ్తే, నది మీద విమానం పోతూ మధ్యలో పెట్రోలు నింపుకునే 'రివర్ రెయిడ్' ఆట ఉండేది. 1982లో దాన్ని రాసింది కేరల్ షా అనే ఆవిడే. వీడియో గేములు మగపిల్లల వస్తువులు అనేవాళ్లకు ఈ రెండు పేర్లు చెప్పండి.

సరే, కావలసినవి రాసుకోండి. రాస్ప్‌బెర్రీ పై 3 బీ ప్లస్ అనే బోర్డు ఒకటి. 16 లేదా 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు ఒకటి. హెచ్‌డీఎంఐ తీగతో పనిచేసే 5 అంగుళాల స్క్రీన్ ఒకటి. యూఎస్‌బీ తీగ ఉన్న జాయ్‌స్టిక్‌లు రెండు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి, దానికి లావుపాటి పొట్టి తీగ ఒకటి. మూత బాగా బిగిసే పలకల ప్లాస్టిక్ డబ్బా ఒకటి. చిన్న స్క్రూలు, స్క్రూ డ్రైవర్, పాత జీన్స్ ప్యాంటు.

ఇంతకంటే చిన్నదీ చవకదీ అయిన 'జీరో 2 డబ్ల్యు' అనే బోర్డు 2021లో వచ్చింది. అందరూ దాన్నే కొనమంటారు. చేతిలో పట్టే బుల్లి పెట్టె చేయాలంటే అదే సరైనది. కానీ దానికి చెవి ఫోను పెట్టే రంధ్రం ఉండదు, జాయ్‌స్టిక్‌లకు విడిగా హబ్ కావాలి, హెచ్‌డీఎంఐ తీగ కూడా మామూలుది పట్టదు. మొదటిసారి చేసేవాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు? 3 బీ ప్లస్‌కు నాలుగు యూఎస్‌బీ రంధ్రాలు, మామూలు హెచ్‌డీఎంఐ, చెవి ఫోను రంధ్రం అన్నీ ఉంటాయి. టంకం వేయాల్సిన పని ఎక్కడా లేదు. అన్నీ తగిలించడమే.

స్క్రీన్ కొనేటప్పుడు మాత్రం "విడిగా డ్రైవరు వేయకుండా, హెచ్‌డీఎంఐ పెట్టగానే బొమ్మ వస్తుందా?" అని గట్టిగా అడగండి. వస్తుందంటేనే తీసుకోండి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠిలో గుజరాతీ గల్లీ ఈ సామాన్లకు పేరు మోసింది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ కూడా. లేదంటే పోస్టులో తెప్పించుకోవచ్చు. అన్నీ కొత్తవి కొంటే పదివేల రూపాయల చుట్టుపక్కల అవుతుంది, తక్కువేం కాదు. పవర్ బ్యాంకు, కార్డు, తీగలు ఇంట్లో ఉన్నవే వాడుకుంటే కొంత కలిసొస్తుంది. ఇంతకంటే చవకగా తయారైన బొమ్మ పెట్టెలు బజార్లో దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి. వాటి లోపల ఎలాంటి బ్యాటరీ పెట్టారో, ఏ ఆటలు దూర్చారో మనకు తెలియదు. పాడైతే పారేయడమే. ఇది పాడైతే ఏ ముక్క పాడైందో ఆ ముక్కే మార్చుకుంటాం. మీ పెద్దవాడు పక్కన కూర్చుని అంతా చూసి ఉంటాడు కాబట్టి వాడే మారుస్తాడు.

ముందుగా కార్డు తయారుచేయాలి. దీనికి ఒక కంప్యూటరు కావాలి, ఇంట్లో లేకపోతే నెట్ సెంటర్లో అరగంట చాలు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాము దింపుకుని తెరిస్తే అందులో ఆటలకు సంబంధించిన జాబితా ఉంటుంది. 'రెట్రోపై' అన్నది ఎంచుకుని కార్డు మీద రాయించండి. కార్డులో ఉన్న పాత ఫోటోలన్నీ చెరిగిపోతాయి, కాబట్టి ముందే తీసి పెట్టుకోండి. కార్డును బోర్డులో పెట్టి, స్క్రీన్, జాయ్‌స్టిక్ తగిలించి, పవర్ ఇస్తే కాసేపటికి ఏదైనా ఒక బటన్ నొక్కి పట్టుకోమంటుంది. తర్వాత పైకి ఏది, కిందికి ఏది అని ఒక్కొక్కటే అడుగుతుంది. అడిగినదానికి ఆ బటన్ నొక్కుతూ పోవాలి. పొరపాటు నొక్కినా ఏం కాదు, మళ్లీ మొదటినుంచి చెప్పవచ్చు. మాట వినిపించకపోతే సెట్టింగుల్లో ధ్వనిని హెచ్‌డీఎంఐ నుంచి హెడ్‌ఫోన్ వైపు మార్చండి.

అన్నీ డబ్బాలో పెట్టకముందు ఇలా బల్ల మీదే పరిచి ఒక సాయంత్రమంతా ఆడించి చూడండి. స్క్రీన్ మూల పసుపు రంగు మెరుపు గుర్తు కనబడుతోందంటే కరెంటు చాలడం లేదని అర్థం. సాధారణంగా తప్పు సన్నటి తీగదే. ఈ బోర్డుకు 5 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు ఇవ్వగల పవర్ కావాలని దాన్ని చేసినవాళ్లే చెప్పారు. తీగ మారిస్తే చాలాసార్లు గుర్తు పోతుంది.

ఇక డబ్బా. స్టీలు డబ్బా అందంగా ఉంటుంది గానీ దాని జోలికి వెళ్లకండి. బోర్డు అడుగున సూది మొనల్లా టంకం చుక్కలుంటాయి, అవి స్టీలుకు తగిలితే షార్ట్ అయి బోర్డు పోతుంది. ప్లాస్టిక్కే మేలు. మూతలో స్క్రీనంత కిటికీ కోయాలి. కోసేచోట, చిల్లు పెట్టేచోట ముందు సెల్లో టేపు అంటిస్తే ప్లాస్టిక్ పగలదు. కొందరు చాకు కాల్చి కోస్తారు, ఆ పొగ మంచిది కాదు, చిన్న చేతి డ్రిల్లుతో వరసగా చిల్లులు పెట్టి అంచును గీస్తే సరిపోతుంది. బోర్డుకు నాలుగు మూలలా రంధ్రాలుంటాయి, రెండున్నర మిల్లీమీటర్ల స్క్రూలు పడతాయి. బోర్డు డబ్బా అడుగుకు ఆనకుండా పాత బాల్‌పెన్ను గొట్టాన్ని చిన్న ముక్కలు కోసి ఒక్కో స్క్రూకు తొడగండి. డబ్బాకు రెండు పక్కలా జల్లెడలాగా చిల్లులు మరిచిపోవద్దు. బోర్డు ఆడుతుంటే వేడెక్కుతుంది, 80 డిగ్రీలు దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట నత్తనడక నడుస్తుంటే చెయ్యి పెట్టి చూడండి, ఉక్క పోస్తోందని అర్థం.

పవర్ బ్యాంకును ఈ డబ్బాలో పెట్టకండి. విడిగా, ముందు సీటు వెనక ఉండే జేబులో గాలి తగిలేట్టు పెట్టండి. రెండూ ఒకదాన్నొకటి వేడి చేసుకోకూడదు.

బ్యాటరీ దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోవాలని చూడొద్దు. ఇలాంటి పెట్టెలు చేసేవాళ్లలో కొందరు పాత ల్యాప్‌టాప్‌ల నుంచి, పాత ఫోన్ల నుంచి తీసిన లిథియం సెల్లులు వాడతారు. ఊళ్లల్లో రిపేరు షాపుల్లో అవి చవకగా ఇస్తారు కూడా. విడి సెల్లుకు కాపలా ఎవరూ ఉండరు. ఎక్కువ ఛార్జింగ్ ఎక్కినా, షార్ట్ అయినా, లోపల దెబ్బ తగిలినా దాన్ని ఆపే ఏర్పాటు ఉండదు. లోపలి రసాయనం వేడెక్కి, ఆ వేడికి ఇంకా వేడెక్కి, చివరికి మంట అవుతుంది. తలుపులు మూసిన కారులో, పక్కన పిల్లలు ఉండగా! మంచి పవర్ బ్యాంకులో ఆ కాపలా సర్క్యూటు ఉంటుంది. అందుకే పవర్ బ్యాంకు అంటున్నాను.

అందులోనూ అన్నీ ఒకటి కావు. కుక్కరు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూస్తాం కదా, పవర్ బ్యాంకు మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అంగట్లో నిలబడే చూడండి, మొహమాటం వద్దు. ఇంట్లో ఉన్న పాతది వాడుతుంటే బల్ల మీద బోర్లా, వెల్లకిలా పెట్టి చూడండి. అటూ ఇటూ ఊగితే ఉబ్బిందన్నమాట. ఉబ్బినదాన్ని ఇంకొక్కసారి కూడా ఛార్జింగ్ పెట్టొద్దు, సూదితో పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

మన జిల్లాల్లో ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. నీడ లేనిచోట కారు ఆపి దర్శనానికి వెళ్తే లోపల అంతకంటే చాలా ఎక్కువ వేడి చేరుతుంది. లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు. గుడి ముందు కారు దిగేటప్పుడు చేతిసంచితో పాటు పవర్ బ్యాంకునూ వెంట తీసుకెళ్లండి. ఆడుతుండగానే కారు ఛార్జరుకు తగిలించి ఛార్జింగ్ పెట్టడం కూడా వద్దు, రెండు పనులూ ఒకేసారి చేస్తే వేడెక్కుతుంది, కొన్నయితే తీగ పెట్టగానే ఒక్క క్షణం పవర్ ఆపేస్తాయి, ఆట పోతుంది. ఎప్పుడైనా పొగ వచ్చినా, వింత వాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత కాలినా కారు పక్కకు ఆపించి ముందు పిల్లల్ని దించి దూరం తీసుకెళ్లండి. సామాను సంగతి తర్వాత.

ఎంతసేపు వస్తుంది? మీద 10,000 అని రాసి ఉన్నది లోపలి సెల్లు లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచడంలో కొంత పోగా మనకు 30 మిగులుతుందనుకోండి. బోర్డు, స్క్రీన్, రెండు జాయ్‌స్టిక్‌లు కలిపి గంటకు 6, 7 తింటాయి. నాలుగు గంటల పైమాట. మల్యాల నుంచి కరీంనగర్, సిద్దిపేట మీదుగా హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు, మధ్యలో చాయ్ కోసం ఆగినా సరిపోతుంది. అంతసేపూ ఆడనివ్వమని కాదు సుమా!

ఆటల మాట. రెట్రోపై అన్నది ఖాళీ గిన్నె లాంటిది, దాంతో ఆటలు రావు. పాత మారియోలు, కాంట్రాలు నెట్‌లో గంపలకొద్దీ దొరుకుతాయి గానీ, వాటి మీద హక్కులు ఇప్పటికీ ఆ కంపెనీలవే, ఊరికే దింపుకోవడం చట్టం ఒప్పదు. పిల్లల ముందు మనమే ఆ పని చేయడం నాకైతే నచ్చదు. మంచి సంగతి ఏమిటంటే ఆ పాత యంత్రం కోసం కొత్త ఆటలు ఇప్పటికీ రాస్తున్నారు. 2019లో వచ్చిన 'మైక్రో మేజెస్' పాత మారియో ఎంతో సరిగ్గా అంతే, 40 కిలోబైట్లు. ఒకేసారి నలుగురు దాకా ఆడవచ్చు, కలిసి గోపురం ఎక్కాలి. డబ్బిచ్చి కొనాలి. ఉచితంగా కావాలంటే 'నోవా ద స్క్విరెల్' అని ఉడత ఆట, గేమ్ బాయ్ కోసం 'టోబు టోబు గర్ల్' అని ఎగిరే అమ్మాయి ఆట ఉన్నాయి, రాసినవాళ్లే పంచిపెడుతున్నారు. పెన్ డ్రైవ్‌లో రెట్రోపై అని ఫోల్డరు పెట్టి బోర్డుకు తగిలిస్తే అదే లోపల గదులు కట్టుకుంటుంది, ఆట ఫైలును దాని గదిలో వేసి మళ్లీ తగిలిస్తే లోపలికి తీసుకుంటుంది.

ఇంకో సరదా ఉంది. జీబీ స్టూడియో అనే ఉచిత ప్రోగ్రాముతో కోడ్ రాయడం రాకపోయినా బొమ్మలు జరుపుతూ గేమ్ బాయ్ ఆట తయారుచేయవచ్చు. ఆరో తరగతి దాటిన పిల్లలు పది రోజుల సెలవుల్లో చేయగలరు. మన పిల్లలైతే ఏం చేస్తారు? కొండగట్టు మెట్లెక్కుతూ కోతులకు దొరక్కుండా కొబ్బరిచిప్ప పైదాకా తీసుకెళ్లే ఆట! కొన్న ఏ ఆటలో ఉంటుంది అది?

ఇప్పుడు కుట్టు. పాత జీన్స్ కాలు ముక్కను కత్తిరించి డబ్బా పట్టే సంచీ కుట్టండి, స్క్రీన్ వైపు కిటికీ, పక్కల చిల్లుల దగ్గర దోమతెర గుడ్డ. పైన రెండు పట్టీలు ముందు సీటు తలగడ కమ్ములకు, కింద ఇంకో పట్టీ సీటు చుట్టూ. కింది పట్టీ లేకపోతే కారు బ్రేకు వేసినప్పుడల్లా డబ్బా ఊగి పిల్లల మోకాళ్లకు తగులుతుంది. డ్రైవరుకు స్క్రీన్ కనిపించకూడదు, కాబట్టి ఆయన వెనకాలే కట్టండి. పిల్లలకు సీటు బెల్టు పెట్టాకే స్విచ్చి. చెవి ఫోన్లు రెండు పెట్టుకునే చిన్న జోడు పిన్ను దొరుకుతుంది, అది ఉంటే డ్రైవరుకూ మనకూ ప్రశాంతం.

స్క్రీన్ ఒళ్లో కాకుండా కళ్లెత్తున ఉండటానికి ఇంకో కారణం వాంతులు. కళ్లు కదలని బొమ్మను చూస్తుంటాయి, చెవి లోపలి భాగమేమో బండి ఊగుతోందని చెబుతుంది, రెండింటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. తల వంచి ఆడితే ఇంకా ఎక్కువ. కళ్లెత్తున ఉంటే పక్కనుంచి రోడ్డూ కనిపిస్తుంది. రాజీవ్ రహదారి లాంటి తిన్నని రోడ్డు మీద ఆడనివ్వండి, ఘాట్ మలుపులు రాగానే ఆపేయండి. ఇరవై నిమిషాలు ఆట, ఇరవై నిమిషాలు కిటికీ. వాంతి వచ్చే పిల్లయితే ఆగిన బండిలోనే.

"ఈ ఒక్కటీ అయిపోనీ అమ్మా!" అనే పాట మీకు తెలిసిందే. దానికి ఈ పెట్టెలో మందుంది. సెలెక్ట్ బటన్ పట్టుకుని కుడి భుజం బటన్ నొక్కితే ఆట ఉన్నదున్నట్టు దాచుకుంటుంది. సెలెక్ట్‌తో ఎడమ భుజం నొక్కితే మళ్లీ అక్కడినుంచే. టోల్ గేటు రాగానే దాచుకుని ఆపేయడం అలవాటు చేయండి. సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కితే ఆటలోంచి బయటికి వస్తుంది. తీగ ఊడబీకి ఆపొద్దు, కార్డు పాడవుతుంది. మెనూలో షట్‌డౌన్ నొక్కి, బోర్డు మీది ఆకుపచ్చ దీపం మిణుకులు ఆగాక తీయాలి. సకినాలు తిన్న చేతులతో జాయ్‌స్టిక్ పట్టుకుంటే బటన్ల సందుల్లో నువ్వులు చేరతాయి, తడిగుడ్డ ఒకటి దగ్గర ఉంచుకోండి.

పుట్టింటికి చేరాక డబ్బాను మూలకు పడేయకండి. స్క్రీన్‌కు పెట్టిన హెచ్‌డీఎంఐ తీగ తీసి అమ్మవాళ్ల టీవీకి పెడితే అదే ఆట పెద్దగా కనిపిస్తుంది, పవర్‌కు మంచి ఫోన్ ఛార్జరు సరిపోతుంది. ఒకప్పుడు క్యాసెట్ ఊదిన మీ తమ్ముడు పిల్లలను పక్కకు జరిపి ముందుకు వచ్చి కూర్చుంటాడు. మూడో జాయ్‌స్టిక్ ఒకటి కొని పెట్టుకోండి.